చెవిపోటు

నలభై ఆరేళ్ళకి ఈత మొదలుపెట్టాను,
జీలాంగ్‌లో, ఈస్టర్న్ బీచ్ దగ్గర,
సముద్రాన్ని చెక్కవంతెనతో చుట్టి
కాస్త మచ్చిక చేసి ఉంచిన చోట.
నేర్పింది గ్వెన్. డెబ్బై దాటిన మనిషి,
ఎండకి కరక్కాయలా ముడుచుకున్న చర్మం.
"తల నీళ్ళకి ఇచ్చెయ్, అవే మోస్తాయి" అనేది.
ఇచ్చాను.
తల తిరిగొచ్చింది గానీ
చెవిలో ఓ చెంచాడు సముద్రం ఉండిపోయింది.

కార్లు ఆపే చోట తడితువ్వాలుతో
తల వంచి ఒంటికాలి మీద గెంతాను.
ఒక సీగల్ నన్ను చూసి
రెండడుగులు జరిగి నిలబడింది.
నీళ్ళు రాలేదు.

మూడోనాటికి తమ్మె ముట్టుకుంటే
దవడ దాకా జివ్వుమంది.
దిండు మీద పసుప్పచ్చని మరక.
నమలలేను. ఆవలించలేను.
వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకున్నానంటే
డాక్టర్ ఫామ్ ఒకసారి కళ్ళు మూసి తెరిచింది.
ప్రమిదలో పెట్టినంత జాగ్రత్తగా
గుడ్డవత్తి లోపలికి దోపి
దాని మీద మందు చుక్కలు వేసింది.
నొప్పి పదిలో ఎంత, అంది.
మర్నాడు నాకు డ్యూటీ ఉంది.
నాలుగు, అన్నాను.

నా కూడు ఈ చెవిదే.
ఫోన్‌లో దుబాసీని.
ఇంగ్లీషు ఒకవైపు నుంచి వస్తుంది,
తెలుగు రెండోవైపుకి పోతుంది,
మధ్యలో నేను ఉండకూడదు, అదీ రూలు.
వాళ్ళు "నేను" అంటే నేనూ "నేను" అనాలి.
అలా ఈ తొమ్మిదేళ్ళలో
నేను కవలల్ని కన్నాను,
లైసెన్సు పోగొట్టుకున్నాను,
మూడునెలల అద్దె ఎగ్గొట్టాను,
రెండుసార్లు మగవాణ్ణయి
ప్రోస్టేటు పరీక్షకి కూడా వెళ్ళొచ్చాను.
ఏదీ ఒంటికి అంటలేదు.
ఫోన్ పెట్టేసి తాలింపు వేసుకునేదాన్ని.

కుడిచెవిలో వత్తి, దాని మీద దూది,
హెడ్‌సెట్ ఎడమకి తిప్పుకుని కూర్చున్నరోజు
మిల్డూరా నుంచి కాల్.
బాదంతోటలో పనిచేసే కుర్రాడు, సింహాద్రి.
పార్వతీపురం వైపు యాస.
ఆదివారం మర్రే నదిలో మునకలేశాట్ట.
"సెవి పోటెడతందండి.
లోపల్నించి సుత్తెట్టి కొడతన్నట్టు.
రేత్రంతా సలుపే.
పడుకుంటే ఏరు ఇనబడతంది."

పోటు.
నా దగ్గరున్న ఇంగ్లీషులో దానికి సరైన మాట లేదు.
మనకి సముద్రానికీ అదే మాట.
దాని వేళలు కాగితం మీద అచ్చువేసి
గ్వెన్ గోడకి అంటించుకుంది,
ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు తీస్తుందో.
ఈ పోటుకి అలాంటి కాగితం లేదు.

"పదిలో ఎంతో అడగండి" అంది అవతల నర్సు.
అడిగాను.
కాసేపు ఏమీ వినబడలేదు.
ఎవరో ట్రక్కు హారన్ కొట్టారు.
"నాలుగండి" అన్నాడు.

నాలుగంటే ఎంతో నాకు తెలుసు.
కలపకూడదు, తీయకూడదు.
నాలుగు, అన్నాను.
తర్వాత అతని మాటలన్నీ వరసగా, నా గొంతుతో:
నా చెవి నొప్పిగా ఉంది,
రాత్రంతా నాకు నిద్ర లేదు,
పడుకుంటే నాకు నది వినబడుతోంది.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి
ఆ "నేను"లో ఇద్దరం పట్టాం.

"దుబాసీ గారూ, లైను సరిగా ఉందా?
మీ గొంతు తెగుతోంది" అంది నర్సు.
ఉందండీ, అన్నాను.
ఆ కాల్ మొత్తంలో నా సొంత వాక్యం అదొక్కటే,
అదీ అబద్ధం.

చుక్కలు ఎలా వేసుకోవాలో చెప్పాను.
ఎటువైపు పడుకోవాలో చెప్పాను.
నూనె పొయ్యకూడదని చెప్పాను.
"ఎల్లుల్లేసి కాసినా?"
నర్సుని అడిగి చెప్పాను: కాసినా.

రెండ్రోజులకి నా వత్తి తీశారు.
మొట్టమొదట వినబడింది వంటింట్లో ఫ్రిజ్.
అది అన్నేళ్ళుగా మూలుగుతోందని
నాకు తెలీనే తెలీదు.
సింహాద్రి చెవి ఏమైందో మాత్రం తెలీదు.
మా కాల్స్‌కి మర్నాడు ఉండదు.

గ్వెన్ మెసేజ్ పెట్టింది:
శనివారం పోటు తొమ్మిదింబావుకి,
చెవులకి మైనం తెచ్చుకో.